చేయి ఊపి ఆడే ఆట

సంచిలో మూడు చీరలు, పసుపు పొట్లం, కుంకుమ భరిణె, కళ్లజోడు, రెండు పాత వారపత్రికలు పెట్టుకున్నాను. మూతి కట్టాను. కళ్లజోడు పెట్టానో లేదోనని మళ్లీ విప్పి చూసి మళ్లీ కట్టాను. పుంగనూరులో మా ఎదురింటి చెంగమ్మ వాకిట్లో కూర్చుని ఇదంతా చూస్తోంది.

"యశోదమ్మక్కా, మదనపల్లెకు పొయ్యేదానికి ఇంత సర్దుడా? కాశీకి పోతాండావా ఏమి?"

"నీకేం తెలుసు చెంగమ్మా. సంచి మూతి కడితే సాలు, నాకు ఏడుపొస్తాది."

"ఇప్పుడు పోతాండేది కొడుకుల దగ్గరికి గదా. నవ్వుతా పో!"

ఆమె అన్నది నిజమే. మా ఇంట్లో అంతవరకూ సంచి కట్టడమంటే ఎవరో ఒకరు దూరం కావడమే. ఈసారి అలా కాదు. నాలుగేళ్లుగా బెంగళూరులో ఒక గేమ్ సామాన్ల అంగట్లో పని చేస్తున్న చిన్నవాడు ఆనంద్ ఆ ఊరు వదిలేసి వస్తున్నాడు. అన్న సుబ్రమణ్యం మదనపల్లెలో నడిపే వీడియో గేమ్ అంగట్లోనే ఉండిపోతానన్నాడు. ఇద్దరు కొడుకులూ ఒక కప్పు కింద ఉంటే నాకు ఇంక వేరే కోరిక లేదు. మా పొట్టి ఆవును చెంగమ్మకు అప్పగించి, దాని మెడ నిమిరి, బస్సెక్కాను. 2007 మే నెల అది.

సుబ్రమణ్యం అంగడి బస్టాండు వెనక సందులో ఉంది. ముందు గది అంగడి, వెనక రెండు గదులు ఇల్లు. అంగట్లో నాలుగు టీవీలు. వాటి ముందు, పక్కనే ఉన్న అంగళ్లు ఊరి ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు రెండు చేతులతో జాయ్‌స్టిక్కులు పట్టుకుని, వీపు వంచి, రెప్ప వేయకుండా కూర్చునేవాళ్లు. కదిలేవి బొటనవేళ్లే. కాఫీ తెచ్చి పక్కన పెట్టినా చూసేవాళ్లు కాదు. వాళ్లలో కిషోర్ అని రామసముద్రం పిల్లవాడు ఉండేవాడు. మూడో సంవత్సరం. ఆ అంగట్లో అతన్ని గెలిచినవాళ్లు లేరు. అతని కుడి బొటనవేలు మీద కాయ కాసి ఉండేది. దాన్ని అందరికీ చూపించుకునేవాడు.

కానీ ఆ ఏడు పిల్లలు తగ్గిపోతున్నారు. ఎదురుగా ఇంటర్నెట్ సెంటర్ వచ్చింది. నాలుగు టీవీల్లో రెండు ఊరికే ఉండేవి. సుబ్రమణ్యం కోపం అన్నం దగ్గర బయటపడేది. ఉప్పు తక్కువైనా నేరమే, ఎక్కువైనా నేరమే. నా కోడలు రేవతి వడ్డించి వెళ్లిపోయేది.

ఆనంద్ మే ఆఖరి బుధవారం వచ్చాడు. భుజానికి ఒక సంచి, చంకలో ఒక అట్టపెట్టె. పెట్టెను బిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని దిగాడు.

"అన్నా, ఇది మన జిల్లాలో ఎవరి దగ్గరా లేదు. బెంగళూర్లోనే దొరికేది కష్టం. దీన్ని చూసినారంటే ఎదురింటోడి అంగడి ఖాళీ."

మరుసటి రోజు సాయంత్రం దాన్ని బిగించాడు. సామాను చిన్నదే. ఒక తెల్లని పెట్టె. రెండు తెల్లని రిమోట్లు, వాటికి మణికట్టుకు తగిలించుకునే తాళ్లు. ఇంకొకటి జానెడు పొడవున్న సన్నని నల్లటి బద్ద. దాన్ని టీవీ నెత్తిన అంచుకు పెట్టాడు.

"అమ్మా, దీన్ని మటుకు కదిలించొద్దు."

"నేను యాల కదిలిస్తాను నాయనా."

కిషోర్, అతని స్నేహితుడు దేవేంద్ర, ఇంకో నలుగురు చుట్టూ చేరారు. జాయ్‌స్టిక్కు కోసం వెతికారు. ఆనంద్ రిమోటు చేతికిచ్చాడు.

"ఇదేందన్నా, టీవీ రిమోటు ఇచ్చినావు? వార్తలు పెట్టుకుని సూడాల్నా?" అన్నాడు దేవేంద్ర.

"ఇదే జాయ్‌స్టిక్కు. చేత్తో పట్టుకుని ఊపితే సాలు. లోపల బొమ్మ బ్యాటు ఊపుతాది."

"అంటే నిలబడుకోవాల్నా?"

"నిలబడుకోవాల్సిందే."

"మేము ఈడికి వచ్చేదే కూర్చునేదానికి కదన్నా!"

అందరూ నవ్వారు. కిషోర్ రిమోటును అటూ ఇటూ తిప్పి చూశాడు. "బటన్లు ఇన్నేనా? ఇంగ మా బొటనవేలికి పనేముండాది? ఇన్నేండ్లు నేర్చుకున్నేదంతా యాడికి పోవాల?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ గొంతులో నవ్వు లేదు.

ఆట మొదలైంది. టెన్నిస్. తెర మీద ముందు ఒక తెల్లని చేయి గుర్తు కనిపిస్తుంది. మనం రిమోటు ఎటు చూపిస్తే అది అటు పోతుంది. దానితో ఆటను ఎంచుకుని నొక్కాలి. తర్వాత ఊపడమే. కిషోర్ అలవాటు కొద్దీ రిమోటును రెండు చేతులతో పట్టుకుని మణికట్టు మాత్రం కదిలించాడు. బంతి ఒక పక్క, బ్యాటు ఒక పక్క. మిగిలినవాళ్లు ఈలలు వేశారు. గడప దగ్గర నిలబడి చూస్తున్న రేవతిని ఆనంద్ పిలిచాడు.

"వదినా, నువ్వు రా. ఒక్కసారి."

"నాకేం వస్తాది అబ్బోడా. అంట్లు తోమాల."

"రా వదినా. గుడ్డలు బండకేసి కొడతావు సూడు, అట్ల కొట్టు."

రేవతి కొంగు నడుముకు దోపుకుని వచ్చింది. మూడు దెబ్బలు తప్పింది. నాలుగోది తగిలింది. ఆ తర్వాత ఒక్కటీ వదల్లేదు. కిషోర్ ఓడిపోయాడు. ఇంకోసారి ఆడాడు, ఇంకోసారి ఓడిపోయాడు. పిల్లలు అరిచిన అరుపులకు సందులో వాళ్లంతా వచ్చి తొంగి చూశారు. పక్క టీ అంగడి మునిరాజు, "ఏం కిషోరూ, వదినమ్మ నిన్ను ఉతికి ఆరేసింది కదప్పా!" అన్నాడు.

కిషోర్ రిమోటు బల్ల మీద పెట్టాడు. "ఇది ఆటే కాదు," అని వెళ్లిపోయాడు.

సుబ్రమణ్యం ఆ సాయంత్రం చాలా రోజుల తర్వాత నవ్వాడు. "రేపు శుక్రవారం. పొద్దున్నే అందరినీ పిలిచి మొదలుపెడదాం," అన్నాడు. పాత గేమ్ పెట్టెలు రెండు అప్పుడే ఎవరికో ఇచ్చేశాడు, కొత్తదానికి చోటు కావాలని.

పూజ మాట నేనే ఎత్తాను. సుబ్రమణ్యం ముఖం చిట్లించాడు. కిందటేడు నేను పెట్టిన దీపం వల్ల ఒక టీవీ వైరు కాలింది. ఇంక అంగట్లో నా పూజలు వద్దని, కావాలంటే పుంగనూరులోనే పెట్టుకొమ్మని అప్పుడే చెప్పాడు.

"అమ్మను చెయ్యనీ అన్నా. కొత్త సామాను కదా. దీపం వద్దులే. బొట్లు పెట్టి ఊదుకడ్డీలు ముట్టిస్తాది, అంతే," అన్నాడు ఆనంద్.

అలా తమ్ముడు అడిగితేనే సుబ్రమణ్యం ఒప్పుకున్నాడు.

తెల్లవారి నేను తలస్నానం చేసి పసుపు కలిపాను. షట్టరుకు, నాలుగు టీవీలకు, పాత జాయ్‌స్టిక్కులకు, తెల్లపెట్టెకు బొట్లు పెట్టాను. రిమోట్లకు వెనకవైపు పెట్టాను, చేతికి అంటకుండా. అప్పుడు టీవీ నెత్తిన ఉన్న నల్లబద్ద కనబడింది. సన్నగా, అడ్డంగా, నున్నగా ఉంది. నాకు గడపలాగే కనిపించింది. ఆనంద్ కదిలించొద్దన్నాడు. నేను కదిలించలేదు. ఉన్నచోటనే దాని ముఖానికి ఈ కొస నుంచి ఆ కొసకు గడపకు రాసినట్టు పసుపు రాశాను. రెండు కొసలా రెండు కుంకుమ బొట్లు పెట్టాను, మందంగా, రాలిపోకుండా. పైన ఒక మూర కనకాంబరాలు పెట్టి, అందరినీ చల్లగా చూడమని మొక్కుకున్నాను.

ఎనిమిది గంటలకు మునిరాజు, సందులో ఆడవాళ్లు, కాలేజీ పిల్లలు ఒక ఇరవై మంది వచ్చారు. కిషోర్ కూడా వచ్చి వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆనంద్ స్విచ్చి వేశాడు. తెర వెలిగింది. పాట వచ్చింది. చేయి గుర్తు రాలేదు.

రిమోటు అటు ఊపాడు, ఇటు ఊపాడు. రెండోది తీశాడు. బ్యాటరీలు మార్చాడు. స్విచ్చి ఆపి మళ్లీ వేశాడు. తెల్లని చేయి మాత్రం రాలేదు. అది రాకుండా ఆట మొదలుకాదు.

"ఏమన్నా, చేయి యాడికి పాయ? నిన్న ఉండె కదా?" అన్నాడు దేవేంద్ర.

"వదినతో పాటు వంటింట్లోకి పోయినట్టుండాది," అన్నాడు కిషోర్ గోడ దగ్గర నుంచి. "సంగటి గెలుకుతాండాదేమో, పోయి సూడండి!"

"కడ్డీల పొగకు దానికి కండ్లు మండినాయేమోరా!"

నవ్వులు. ఆడవాళ్లూ నవ్వారు. నేనూ నవ్వబోయి సుబ్రమణ్యం ముఖం చూసి ఆగిపోయాను.

"ఒక్క నిమిషం అన్నా," అంటున్నాడు ఆనంద్. చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఆ ఒక్క నిమిషం పది గంటల దాకా సాగింది. జనం ఒక్కొక్కరే వెళ్లిపోయారు. వెళుతూ కిషోర్, "పాత జాయ్‌స్టిక్కులు పారెయ్యొద్దన్నా, పనికొస్తాయి," అన్నాడు.

సుబ్రమణ్యం షట్టరు సగం దించాడు. "నాలుగేండ్లు బెంగళూర్లో ఏం చేసినావురా? సందులో అందరి ముందర నా మొహాన పేడ కొట్టించినావే!"

ఆనంద్ తల ఎత్తలేదు. తెల్లపెట్టె వైర్లు ఒక్కొక్కటే పీకి మళ్లీ పెడుతున్నాడు.

మూడు రోజులు అలాగే గడిచాయి. వాడు బద్ద వైరు కూడా లాగి చూశాడు. అంగట్లో దేనికి బొట్టు లేదు గనక? ఆ బద్దకున్న పసుపును వాడు చూసీ చూడలేదు. ఆ బద్దలో ఏముందో వాడికీ తెలియదు. బిగించడమే తెలుసు. ఆ సామాను ఇచ్చిన బెంగళూరు యజమానికి ఫోన్ చేస్తే, మీ ఊరి కరెంటు మంచిది కాదు, మాది తప్పు కాదు అన్నాడట. ఆ మాట విని సుబ్రమణ్యం, "వాడు నిన్ను మోసం చేసినాడా, నువ్వు నన్ను మోసం చేసినావా?" అన్నాడు. ఆనంద్ తింటున్న కంచం పక్కకు జరిపి లేచాడు. రేవతి నా వైపు చూసింది. ఆ ఇంట్లో నా మాట వినేవాళ్లు ఎవరున్నారు? కొంగు నోట్లో కుక్కుకున్నాను.

సోమవారం సుబ్రమణ్యం దాన్ని బెంగళూరుకు తిరిగి పంపించేద్దామని, కట్టి పెట్టెలో పెట్టేయమని చెప్పి బయటికి వెళ్లాడు. సామాను తెలిసిన మనిషి ఎవరైనా ఉంటాడేమోనని ఆనంద్ అంగళ్లు కాలేజీకి వెళ్లాడు. మధ్యాహ్నం నేను, రేవతి ఇద్దరమే. బొట్లతో తిరిగి ఇస్తే ఎవరు తీసుకుంటారని నేను తడిగుడ్డ పట్టుకుని అన్నీ తుడవడం మొదలుపెట్టాను. నల్లబద్ద మీద పసుపు ఎండి గట్టిపడింది. కుంకుమను గోళ్లతో గీకాల్సి వచ్చింది. గుడ్డంతా పచ్చబడింది.

"ఒక్కసారి వేసి సూస్తా అత్తా," అంది రేవతి. తనూ ఆ మూడు రోజులూ దాని గురించే ఆలోచిస్తున్నట్టుంది. గెలిచింది తనే కదా.

స్విచ్చి వేసి రిమోటు పట్టుకుంది. తెర మీద తెల్లని చేయి వచ్చింది. అటు చూపిస్తే అటు, ఇటు చూపిస్తే ఇటు పోయింది.

రేవతి నా చేతిలోని గుడ్డ చూసింది. మళ్లీ బద్దను చూసింది. దాని కొసల్లోంచి కంటికి కనపడని వెలుగు వస్తేనే రిమోటుకు దారి తెలుస్తుందని, నా బొట్లు దాన్ని మూసేశాయని నాకు తర్వాతెప్పుడో తెలిసింది.

"అత్తా, ఏమీ సెప్పొద్దు. ఇప్పుడు పని చేస్తాండాది గదా. అదే సాలు."

రేవతి మీద నెపం వేయను. ఆమె అనకపోయినా నేను చెప్పి ఉండేదాన్ని కాదు. చెబితే సుబ్రమణ్యం నన్ను ఆ సాయంత్రమే పుంగనూరు బస్సు ఎక్కిస్తాడు. ఆట బాగైంది, వాళ్లు బాగవుతారు, నేను ఇక్కడే ఉండి చూసుకుంటాను అనుకున్నాను. గుడ్డను బకెట్‌లో ముంచేశాను.

సుబ్రమణ్యం ముందు వచ్చాడు. "దానంతటదే వచ్చింది," అంది రేవతి. వాడు నమ్మలేనట్టు రిమోటు తీసుకుని ఆడాడు. గట్టిగా నవ్వాడు. సందులోకి వెళ్లి మునిరాజును పిలుచుకొచ్చాడు. మునిరాజు ఆట చూసి, టీ గ్లాసు ఊపుకుంటూ ఊరికే అన్నాడు.

"మీ తమ్ముడు మూడు దినాలు పీకితే రాలేదు. ఆయప్ప పక్కకు పోతానే వచ్చిందే!"

సుబ్రమణ్యం ముఖంలో నవ్వు ఆగిపోవడం చూశాను.

ఆనంద్ వచ్చేసరికి సాయంత్రం అయిదు. చెప్పులు విడుస్తూనే తెర మీద ఆట చూశాడు. "అన్నా! వచ్చిందా? ఎట్ల వచ్చింది?" అంటూ లోపలికి పరిగెత్తాడు.

"నువ్వే సెప్పల్ల ఎట్ల వచ్చిందో. నువ్వు ముట్టుకుంటే రాదు, నువ్వు లేకుంటే వస్తాది. యాలరా? దాన్ని చెడగొట్టి ఆ బెంగళూరోడికి తిరిగి ఇచ్చి, మళ్లీ ఆడికే పోదామనా? ఈడ ఉండేదానికి ఇష్టం లేకుంటే నోటితో సెప్పరాదా?"

ఆనంద్ టీవీ దగ్గరికి వెళ్లి నెత్తిన ఉన్న బద్దను చూశాడు. అది నల్లగా మెరుస్తోంది. దాని మీద వేలు పెట్టి ఈ కొస నుంచి ఆ కొసకు రాశాడు. తర్వాత నా వైపు తిరిగాడు. నా గోళ్లు కుంకుమతో ఎర్రగా ఉన్నాయి. చేతులు చీర కొంగు కింద పెట్టుకున్నాను.

"అమ్మా," అన్నాడు మెల్లగా, "నువ్వేమన్నా తుడిచినావా?"

"లేదు నాయనా," అన్నాను.

వాడు నన్నే చూస్తూ ఉన్నాడు. నేను తెర వైపు చూశాను. రేవతి లోపలికి వెళ్లిపోయింది.

"సరే మా," అన్నాడు. తర్వాత అన్నతో, "నాదే తప్పన్నా. వైరు సరిగ్గా పెట్టలేదు. నాకు తెలీలేదు," అన్నాడు.

మర్నాడు పొద్దున కుప్పంలో తన అక్క, నా కూతురు అమరావతి దగ్గర నాలుగు రోజులు ఉండి వస్తానని బయలుదేరాడు. సుబ్రమణ్యం ఆపలేదు. నేను నిమ్మకాయ అన్నం కట్టిచ్చాను. ఆదివారం వస్తావు కదా అని మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ, "వస్తా లే మా," అన్నాడు.

వాడు వెళ్లి వారం తిరగకముందే అంగడి నిండిపోయింది. పొద్దున ఆడవాళ్లు, పసిపిల్లలు. సాయంత్రం కాలేజీ వాళ్లు. వాళ్లకు మొదట నిలబడి ఆడటం నామోషీగా ఉండేది. తలుపు మూయమనేవాళ్లు. తర్వాత తలుపు తీసే ఆడారు. ఒకడు తాడు తగిలించుకోక రిమోటు విసిరి గోడకు సున్నం రాల్చాడు. కిషోర్ వారం రోజులు రాలేదు. వచ్చిన రోజు ఒక మూల నిలబడి మోచేయి తిప్పడం నేర్చుకున్నాడు. రేవతిని మళ్లీ ఆడమని అడిగి, మళ్లీ ఓడిపోయి, ఈసారి తనే నవ్వాడు.

"ఆనందన్న యాడ అవ్వా? కనపడ్డే లేదే?"

"కుప్పం పోయినాడప్పా."

"మేము నవ్వులాటకు అన్నిందానికి అలిగినాడా? సెప్పు అవ్వా, మంచి సామాను తెచ్చినాడని. మొదట నాకే కోపం వచ్చింది. నాకు వచ్చిందంతా అది దండగ చేసింది కదా."

ఆ మాట నేను వాడికి చెప్పాలి. ఇంకో మాట కూడా చెప్పాలి. మునిరాజు అంగట్లోంచి కుప్పానికి ఫోన్ చేశాను. అమరావతి పిలిస్తే ఆనంద్ వచ్చాడు. "తిన్నావా నాయనా?" అన్నాను. "తిన్నా మా." "ఎండలో తిరగొద్దు." "తిరగను మా." ఎదురుగా మునిరాజు టీ వడగడుతున్నాడు. ఫోన్‌లో చెప్పే మాట కాదు, ఆదివారం వస్తాడు కదా అనుకున్నాను. ఆ ఆదివారం రాలేదు. మళ్లీ ఫోన్ చేశాను. మళ్లీ అన్నం మాటే అడిగాను.

రెండో ఆదివారం మధ్యాహ్నం సుబ్రమణ్యం భోజనానికి కూర్చున్నాడు. తెచ్చిన రెండు రిమోట్లు చాలడం లేదని, ఆనంద్ ఉంటే ఇంకో సెట్టు తెప్పించేవాడని అన్నాడు. వాడు తమ్ముడి పేరు ఎత్తడం అదే మొదలు. నా చేతిలో గరిటె ఉంది. గరిటె పట్టుకునే చెప్పాను. బద్ద సంగతి, పసుపు సంగతి, గుడ్డ సంగతి, వాడు అడిగితే లేదన్న సంగతి.

సుబ్రమణ్యం అరుస్తాడనుకున్నాను. అరవలేదు. కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాడు.

"వాడికి తెలుసా?"

"తెలుసు నాయనా. ఆ దినమే తెలుసు."

"తెలిసీ నాదే తప్పని తన మీద యేసుకున్నాడా వాడు?" లేచి చేయి కడుక్కున్నాడు. చాలాసేపు కడుక్కున్నాడు. "యాల మా, ఆ దినమే సెప్పకపోతివి?" అని అడిగాడు. గరిటె గిన్నెలో పెట్టాను. "రేపు మొదటి బస్సుకు పోదాం. నువ్వూ రా," అన్నాడు.

సోమవారం షట్టరు తీయలేదు. మదనపల్లెలో ఎక్కితే పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం చేరేసరికి పదకొండు దాటింది. దారిలో సుబ్రమణ్యం ఒక్కటే మాట అన్నాడు. "నేనే ముందు మాట్లాడతా, నువ్వు ఏడవొద్దు."

అమరావతి వాకిట్లో సెనక్కాయలు ఒలుస్తోంది. మమ్మల్ని ఇద్దరినీ కలిపి చూసి లేచి నిలబడింది.

"నిన్ననే పాయ కదమ్మా. పొద్దున బండికి. పని దొరికిందన్నాడు, యాడని సెప్పలే. మీకు సెప్పినాడనుకున్యా."

సుబ్రమణ్యం స్టేషనుకు వెళ్లాడు. ఏ బండి ఎక్కాడో ఎవరిని అడుగుతాడు? గంట తర్వాత తిరిగి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. అమరావతి మజ్జిగ తెచ్చి ఇచ్చింది. తాగలేదు.

ఆ తర్వాత ఆనంద్ రెండుసార్లు అమరావతికి ఫోన్ చేశాడు, బాగున్నానని. సుబ్రమణ్యం ఆ నంబర్లకు తిరిగి చేశాడు. రెండూ రోడ్డు మీద ఫోన్లే. ఎవరెవరో ఎత్తి హిందీలో మాట్లాడారు.

నా చిన్నకొడుకు ఆనంద్ 2007 జూన్ పదిహేడో తేదీ, ఆదివారం పొద్దున కుప్పంలో రైలెక్కాడు. మళ్లీ రాలేదు.